అధీహి



బందరులో మా ఇంటి వసారాలో ప్రతి ఆదివారం సాయంకాలం ఏడెనిమిదిమందిమి కూర్చొని ఉపనిషత్తులను శాంకరభాష్య సహితంగా చదువుకోవడం కొన్నేళ్ళుగా సాగుతున్నది. గత మాసం తైత్తిరీయంలో భృగువల్లి ఆరంభించాము. మాలో అందరికంటె చిన్నవాడు ఒక ఇంజనీరింగు విద్యార్థి. ఆంగ్లానువాదాన్ని ఒడిలో పెట్టుకొని వింటాడు. భృగువు తన తండ్రియైన వరుణుని సమీపించి, బ్రహ్మమును గూర్చి "అధీహి" అని అర్థించే చోట ఆ యువకుడు నన్ను ఆపాడు.

"మాస్టారూ, ఇక్కడ ఇంగ్లీషులో 'టీచ్' అని వేశారండి. అధ్యయనం, అధీతం, ఇవన్నీ చదువుకోవడానికి సంబంధించిన మాటలే కదా? కొడుకు వెళ్ళి తండ్రితో 'నువ్వు చదువుకో' అంటాడా? ఇది 'లెర్న్' కాదాండి?"

అందరూ నవ్వారు. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ప్రశ్న కఠినమై కాదు. 'లెర్న్' అనే ఆ క్రియాపదానికి నేను ఒక పాత బాకీ ఉన్నాను. ఆ సాయంకాలం అది అకస్మాత్తుగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

వ్యాకరణం మట్టుకు సమాధానం సులభమే. అధి అనే ఉపసర్గతో కూడిన 'ఇఙ్' ధాతువుకు అధ్యయనం అర్థం. అది ఆత్మనేపది, చదువుట వలన కలిగే ఫలం చదివేవానికే చెందుతుంది గనుక ఆ పదం ఆ ధాతువుకు ఎంతో ఉచితంగా కుదిరింది. దాని మధ్యమపురుష రూపం 'అధీష్వ'. 'అధీహి' అన్నది పరస్మైపదం. అది స్మరణార్థకమైన 'ఇక్' ధాతువు నుండి వస్తుంది: "స్మరించు, మనసునకు తెచ్చుకో" అని. తండ్రీ, నీకు తెలిసిన బ్రహ్మమును నా నిమిత్తం ఒకసారి స్మరించు. ఈ విన్నపానికి ఫలితార్థం "బోధింపుము" అనియే గనుక భాష్యకారులు 'అధ్యాపయ' అని వివరించారు. ఛాందోగ్యంలో నారదుడు సనత్కుమారుని ఆశ్రయించినప్పుడు పలికిన మొదటి మాట కూడా ఇదే. కాబట్టి చదువుకొనుట, స్మరించుట, చదువు చెప్పుట అనే మూడూ ఒకే పదంలో ఒదిగి ఉన్నాయి. ఇంత చెప్పి ఆనాటి పాఠం ముగించాను. కాని రాత్రి నిద్ర పట్టలేదు.

1977లో నేను గుడివాడలో ఒక ఉన్నత పాఠశాలలో ఆంగ్లం బోధించేవాణ్ణి. ఇరవయ్యారేళ్ళ వయస్సు, వ్యాకరణం మీద అవసరానికి మించిన భక్తి. తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు దివిసీమ నుండి వచ్చి గుడివాడలో మేనమామ ఇంట ఉండి చదువుకొనేవాడు. కోడూరుకు దిగువన సముద్రానికి చేరువైన పల్లె వారిది. అక్టోబరు పరీక్షలో "మా నాన్న" అనే విషయం మీద పది వాక్యాలు రాయమన్నాను. ఆ బాలుని మూడవ వాక్యం ఇది: "మై ఫాదర్ లెర్న్‌డ్ మి స్విమ్మింగ్."

ఎర్ర సిరాతో 'లెర్న్‌డ్' మీద అడ్డంగా గీత గీసి, పైన 'టాట్' అని రాసి, అర మార్కు తగ్గించాను. అంతటితో ఊరుకొన్నా బాగుండేది. తరగతిలో ఆ వాక్యాన్ని పైకి చదివి, "నేర్చుకొనేవాడు వేరు, నేర్పేవాడు వేరు, మీ నాన్న నీ దగ్గర ఈత నేర్చుకొన్నాడా యేం?" అని అడిగాను. పిల్లలందరూ నవ్వారు. ఆ బాలుడూ నవ్వాడు. కాలువలో అరటి బోదె నడుముకు కట్టి తండ్రి తనను ఎట్లా దింపాడో, బోదె ఎప్పుడు విప్పేశాడో తనకే తెలియలేదని, అటు తరువాత రెండు వాక్యాల్లో చక్కగానే రాశాడు. దానికి మార్కు వేశానో లేదో జ్ఞాపకం లేదు.

నవంబరు 19వ తేదీ, శనివారం, కార్తీకమాసం శుక్లపక్షం. ఆనాటి ఉప్పెన గురించి ఈ ప్రాంతంవారికి నేను చెప్పవలసినది లేదు. ఇతర ప్రాంతాల పాఠకుల కోసం ఒక్క మాట: సముద్రం తాటిచెట్టెత్తున లేచి దివిసీమ మీదుగా నడిచింది, అధికారిక లెక్కలే పదివేల ప్రాణాలని చెబుతాయి. గుడివాడలో మాకు ఆ రాత్రి తెలిసినది గాలి మాత్రమే. మరునాడు కరెంటు లేదు, దారులు లేవు, తంతులు లేవు. దక్షిణాన ఏమి జరిగినదో ముక్కలు ముక్కలుగా, మనుషుల వెంట నడిచి వచ్చింది. కొన్నాళ్ళకు నేనూ బియ్యం మూటలు మోసే యువకులతో కలసి పులిగడ్డ అక్విడక్టు దాటి వెళ్ళాను. అక్కడ చూచినదాన్ని వర్ణించను. బాల్యంలోనే గీతలో రెండవ అధ్యాయం సమస్తం కంఠస్థం చేసినవాణ్ణి. దేహముల అనిత్యత్వాన్ని, దేహి నిత్యత్వాన్ని చెప్పే శ్లోకాలు నాలుక చివర ఉండేవి. ఆ నేల మీద నిలబడినప్పుడు వాటిలో ఒక్కటి కూడా పైకి రాలేదు. వచ్చినా ఎవరికి వినిపించాలి?

పాఠశాల తిరిగి తెరిచాక సంతాప తీర్మానాన్ని ఆంగ్లంలో రాసే పని నాకు అప్పగించారు. ఉపాధ్యాయుల బంధువులు, విద్యార్థుల తలిదండ్రులు ఎందరో గతించారు. ఆ బాలుని తండ్రి, తల్లి, చిన్న చెల్లెలు కూడా. అలాంటి తీర్మానాలకు ఒక అచ్చు ఉంటుంది కదా. "వి ఆర్ డీప్లీ గ్రీవ్‌డ్ టు లెర్న్" అని ఆరంభించి, పేర్లు వరుసగా రాసి, నోటీసు బోర్డుకు అంటించాము.

డిసెంబరులో ఆ బాలుడు తిరిగి వచ్చాడు. ముండిత శిరస్సు, మేనమామ చొక్కా. మధ్యాహ్న విరామంలో నోటీసు బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూచి అడిగాడు:

"మాస్టారండీ, లెర్న్ అంటే నేర్చుకోవడం అన్నారు కదండీ. నాన్న పోయాడని నేర్చుకొన్నారా మీరు?"

అందులో వ్యంగ్యం లేదు. అర మార్కు పోగొట్టుకొన్న విద్యార్థి, ఈసారి తప్పు చేయకూడదని వేసిన ప్రశ్న అది. "ఇక్కడ లెర్న్ అంటే తెలిసికొనుట అని అర్థం. వార్త తెలియుట" అన్నాను. "అట్లాగాండి" అని తల ఊపి తరగతికి వెళ్ళిపోయాడు. ఆ జవాబు నిఘంటువు ప్రకారం నిర్దుష్టమే.

అయితే ఆ రెండు అర్థాలు ఒకే క్రియలో ఎందుకున్నాయి? ఇది నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. ఉద్యోగంలో ఉండగా తీరిక లేక, విరమణ తరువాత తీరిక ఎక్కువై, ఆ పదం చరిత్రను వెతుకుతూ పోయాను. అక్కడ దొరికినది మన కృష్ణా డెల్టా రైతుకు చెబితే వెంటనే గ్రహిస్తాడు. ప్రాచీన ఆంగ్లంలో దాని రూపం 'లియోర్నియన్'. అంతకుముందటి మూలధాతువుకు 'జాడ, నాగటి చాలు' అని అర్థమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. అదే మూలం నుండి లాటిను భాషలో చాలుకు 'లీరా' అనే పేరు వచ్చింది. ఆ చాలు తప్పి పోవుటకు 'డెలీరియం', అంటే జ్వరం ముదిరినప్పటి సంధి ప్రేలాపన. ఏరువాక నాడు తండ్రి కోండ్ర వేస్తూ ఉంటే వెనుక చాలులో అడుగులో అడుగు వేసుకొంటూ నడిచే పిల్లవాణ్ణి గుడివాడ పొలాల్లో మా తరం వారందరూ చూచినవారే. నేర్చుకొనుట అంటే ఆ జాడలో నడచుట. జాడను పట్టుకొని పోతే చివరకు ఏదో ఒకటి తెలియుట కూడా తప్పదు గనుక, ఒకే క్రియకు రెండు అర్థాలు.

'టీచ్' అనే పదమైతే మనకు బంధువే. దాని మూలానికి 'చూపుట' అని అర్థం. మన 'దిశ్' ధాతువు, దాని నుండి వచ్చిన ఉపదేశ, దేశిక శబ్దాలు ఆ వంశానివే. గురువు దిక్కు చూపేవాడు, శిష్యుడు జాడలో నడిచేవాడు. ఇంత పొందిక నాకు ఇరవయ్యారో యేట తెలిసి ఉంటే తరగతిలో ఎంత గర్వంగా చెప్పేవాణ్ణో! తెలియకపోవడమే మంచిదయింది.

మన తెలుగు క్రియ మరొక దారి పట్టింది. ప్రాచీనాంధ్రంలో 'నేర్చు' అంటే సమర్థుడగుట. "వర్ణింపనేర" అన్న కవి వర్ణించడం తనకు ఎవరూ చెప్పలేదని ఫిర్యాదు చేయడం లేదు, తన శక్తి చాలదంటున్నాడు. (ఈ 'చాలు'కూ నాగటి చాలుకూ సంబంధం అంటగట్టాలని నాకూ ఉబలాటంగానే ఉన్నది, కాని ఆధారం లేదు, వదలిపెడుతున్నాను.) సంస్కృతంలోనూ ఇదే ఆలోచన. 'శక్' అంటే శక్తి కలుగుట. దాని సన్నంతమైన 'శిక్ష్' అంటే శక్తుడు కాగోరుట. జిజ్ఞాసార్థంలో దీనికి వైయాకరణులు ఆత్మనేపదమే విధించారు. తెలుగులో 'నేర్చు'కు 'కొను' చేర్చి 'నేర్చుకొను' అంటున్నామే, ఆ 'కొను' చేసే పని కూడా దాదాపు ఆత్మనేపదపు పనే. శిక్ష అంటే శక్తుడు కావాలనే కోరిక. తైత్తిరీయంలో మొదటి వల్లికి శీక్షావల్లి అని పేరు. మన వ్యవహారంలో ఆ పదానికి దండనమనే అర్థమే మిగిలింది. అక్టోబరు నెలలో నేను ఆ బాలునికి ఇచ్చిన శిక్ష ఏ అర్థంలోనిదో విజ్ఞులు గ్రహించగలరు.

నేర్చుకొనుటకు నిదర్శనం కావాలంటే గుడివాడకు దగ్గరనే చౌటపల్లి ఉన్నది. 1922లో అక్కడ పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తండ్రి మరణానంతరం సంగీతం నేర్చుకోవాలని చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై, జోలె పట్టి మధూకరం ఎత్తి విద్య సంపాదించారు. జీవితం చివరి దశలో ఆయన గానం చేసిన భగవద్గీత మన ప్రాంతంలో నేటికీ ప్రతి మరణగృహంలో వినిపిస్తుంది. ఉప్పెన తరువాతి దినాల్లో గుడివాడ వీధుల్లో ఆ కంఠమే. నా నాలుక చివర ఆగిపోయిన శ్లోకాలను ఆ కంఠం పలుకుతూ ఉంటే, అవి నాకు నోటికి వచ్చునే గాని తెలియవని అప్పుడు తెలిసింది.

ఆంగ్లేయులు కంఠస్థం చేయుటను 'హృదయంతో లెర్న్ చేయుట' అంటారు. మనం మరింత నిజాయితీగా 'కంఠస్థం', 'నోటికి వచ్చింది' అంటాము. కంఠం నుండి హృదయానికి జానెడు దూరం. నేను ఇంకా దారిలోనే ఉన్నాను.

ఇక్కడ సాధకులకు చెప్పదగినది ఒకటి ఉన్నది. నేర్చుకొనుట, తెలిసికొనుట అనే రెంటినీ ఆంగ్ల క్రియ కలిపింది, తెలుగు విడదీసింది. ఈ విషయంలో తెలుగు వేదాంతానికి దగ్గర. ఈత, వీణ, వేదపాఠం: ఇవి నేర్చుకొనేవి. చేయవచ్చు, మానవచ్చు, మరొక విధంగా చేయవచ్చు, కర్త ఇష్టం. భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఇటువంటి వాటిని పురుషతంత్రములన్నారు. జ్ఞానం అట్లా కాదు, అది వస్తుతంత్రం. మసక చీకటిలో నిలబడినది మోడా, మనిషా అన్నది చూచేవాని ఇష్టాన్ని బట్టి ఉండదు, మోడైతే మోడే. మరణవార్త తెలిసినట్లే ఆత్మ తెలియవలసి ఉన్నది. మన అనుమతి అడగకుండా, మన నైపుణ్యంతో నిమిత్తం లేకుండా, ఉన్నది ఉన్నట్లు. "నేను వేదాంతం నేర్చుకొంటున్నాను" అనే వాక్యం వ్యాకరణదృష్టిలో నిర్దోషం. కాని నారదుడు సనత్కుమారుని ముందు వల్లించిన విద్యల పట్టికంతా నేర్చుకొన్నవాటిదే: నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, నక్షత్రవిద్య, ఇంకా ఎన్నో. అంతా చెప్పి, నేను మంత్రవేత్తనే గాని ఆత్మవేత్తను కాను, శోకిస్తున్నాను అన్నాడు. పట్టిక అంత పొడవు, చివరి మాట ఇంత చిన్నది. దివిసీమ నుండి తిరిగివచ్చిన తరువాత ఆ ఘట్టాన్ని నేను పండితదృష్టితో చదవలేకపోయాను.

అయితే నేర్చుకొనుట వ్యర్థమనడం నా అభిమతం కాదు. భృగువల్లినే చూడండి. ఆ పుత్రుడు అయిదుసార్లు తండ్రి వద్దకు వెళ్ళి అదే మాట అడుగుతాడు. తండ్రి మొదటిసారి కొంత లక్షణం చెప్పి, అటు పిమ్మట ప్రతిసారీ తపస్సు చేయుమనే అంటాడు. అన్నం, ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం: ప్రతి మెట్టు వద్దా ఉపనిషత్తు ప్రయోగించిన క్రియ 'వ్యజానాత్', తెలిసికొన్నాడు. అడిగినది అధి-పూర్వకమైన క్రియతో, లభించినది జ్ఞా ధాతువుతో. మధ్యలో ఉన్నది తపస్సు. అది మాత్రం కొడుకే చేయాలి. అరటి బోదె ఎప్పుడు విప్పారో ఈదేవాడికి తెలియదు.

ఈ విద్యకు ఉపనిషత్తు భార్గవీ వారుణీ విద్య అని పేరు పెట్టింది. బోధించిన తండ్రి వరుణుడు, జలాధిదేవత పేరే. దివిసీమను చూచినవాడు ఈ పేరును తేలికగా ఉచ్చరించలేడు. ఈ పోలికను ఇంతకంటె సాగదీయడానికి నాకు మనసొప్పదు. చెప్పకుండా ఉండడానికీ ఒప్పలేదు.

ఇక నా బాకీ సంగతి. పదచరిత్ర వెతుకుతున్న రోజుల్లోనే తెలిసింది: 'లెర్న్' అనే క్రియను 'నేర్పుట' అనే అర్థంలో వాడడం కొన్ని శతాబ్దాలపాటు శిష్టసమ్మతమే. షేక్స్పియరు 'ది టెంపెస్ట్' నాటకంలో కాలిబన్ తనకు భాష నేర్పినవారిని నిందించేటప్పుడు ఈ క్రియనే వాడతాడు. ఇంగ్లండు చర్చి పాత ప్రార్థనా గ్రంథంలోని కీర్తనల్లో, భక్తుడు దేవుణ్ణి తనకు బోధించమని వేడుకొనే చోటా ఇదే ఉన్నది. అంటే అచ్చంగా భృగువు పలికిన 'అధీహి' వంటి ప్రయోగం. తరువాతి కాలంలో శిష్టులు దాన్ని విసర్జించారు. గ్రామ్యంలో నేటికీ వినిపిస్తుంది. దివిసీమ బాలునికి ఇదంతా తెలియదు, నిజమే. అతడు రాసినది పరీక్షలో తప్పే; నేడు దిద్దవలసివచ్చినా 'టాట్' అనే రాస్తాను. కాని వాక్యాన్ని పైకి చదివి నవ్వించను.

భృగువల్లి ప్రసంగం జరిగిన వారానికి అతనికి ఫోను చేశాను. ఇప్పుడు అరవై దాటినవాడు, హైదరాబాదులో ఉంటున్నాడు. ఏటా గురుపూర్ణిమకు తప్పక పలకరిస్తాడు, కారణం ఎన్నడూ చెప్పడు, నేను అడగను. ఆ మాటా ఈ మాటా అయ్యాక, మనుమరాలిని ఈత తరగతుల్లో చేర్పించానని చెప్పాడు. "నేను మట్టుకు ఆ ఏడాది తరవాత మళ్ళీ నీళ్ళలో దిగలేదు మాస్టారూ. గట్టు మీద కూర్చుని చూస్తాను" అన్నాడు.

అప్పుడు చెప్పాను. అక్టోబరు పరీక్ష, మూడవ వాక్యం, ఎర్ర గీత, తరగతిలో నా హాస్యం. అది పూర్తిగా తప్పు కాదని, పూర్వం పెద్దపెద్ద కవులే అట్లా రాశారని, అప్పుడు నాకు తెలియదని.

అతనికి ఏదీ జ్ఞాపకం లేదు. పరీక్షా లేదు, నవ్వూ లేదు, నోటీసు బోర్డు ముందు అడిగిన ప్రశ్నా లేదు. కొంతసేపు మాట్లాడకుండా ఉండి, "నాన్న గురించి పది వాక్యాలు రాశానాండి నేను?" అన్నాడు.

"రాశావు."

"ఇంకేం రాశానండి?"

బోదె సంగతి చెప్పాను. నాకు గుర్తున్నది అంతే.

"ఆ కాగితం ఉందాండి మీ దగ్గర?"

లేదన్నాను. మార్కులు చూపించి జవాబు పత్రాలు తిరిగి తీసికొనేవాళ్ళం ఆ రోజుల్లో. ఆ ఏటి కాగితాలన్నీ వేసవి సెలవులకు ముందే తూకానికి వెళ్ళిపోయాయి.